మందలో చదివిన చదువు: పెబ్బేరు ప్రాంత గొర్రెల కాపరులు, యాదృచ్ఛిక అభ్యసనం, ఉత్పాదకత

గత భాగంలో చెరువులు, కుంటల కింద సాగు ఎలా సాగిందో చదివారు. ఆ సాగులో భూమి ఉన్నవారి పేర్లు రెవెన్యూ లెక్కల్లో దొరుకుతాయి. పంట కోసిన తర్వాత అదే పొలంలోకి మందను తోలుకొచ్చి, రాత్రంతా అక్కడ నిలిపి, భూమికి ఎరువునిచ్చి, తెల్లవారి కదిలిపోయిన కాపరి పేరు మాత్రం ఆ లెక్కల్లో దొరకడం అరుదు. ఈ భాగం అతని గురించినది. బడి గడప తొక్కని మనిషి వంద గొర్రెల మందను వానలు సరిగా పడని నేలలో ఎలా నిలబెట్టాడు? అతని చదువు మంద దిగుబడికి ఏమి కలిపింది? ఆ చదువు ఎక్కడ సరిపోలేదు? ఈ మూడు ప్రశ్నలనూ పెబ్బేరు చుట్టుపక్కల ప్రాంతాన్ని ఆధారం చేసుకొని పరిశీలిద్దాం.

పెబ్బేరు నేటి వనపర్తి జిల్లాలో, హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్ళే జాతీయ రహదారి మీద, కృష్ణానది దాటడానికి కొంచెం ముందు వస్తుంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. అంతకుముందు వనపర్తి సంస్థానపు నేల. పక్కన గద్వాల సంస్థానం. ఎర్ర చెల్క నేలలు, రాతి గుట్టలు, తక్కువ వాన. ఇలాంటి చోట పంట పోయిన ఏడాది కూడా ఇంట్లో గింజ ఉండేలా చూసింది చాలా కుటుంబాల్లో జీవాలే. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా గొర్రెల సంఖ్యలో రాష్ట్రంలోనే ముందు వరుసలో ఉండడానికి కారణం ఇదే.

పదాల గురించి

ఫిలిప్ కూంబ్స్, మంజూర్ అహ్మద్ 1974లో గ్రామీణ పేదరికంపై ప్రపంచ బ్యాంకు కోసం రాసిన గ్రంథంలో విద్యను మూడు రకాలుగా విడదీశారు. బడి, కళాశాలల్లో జరిగేది నియత విద్య. బడి బయట ఒక ప్రణాళికతో జరిగేది, ఉదాహరణకు పశుసంవర్ధక శాఖ పెట్టే మూడు రోజుల శిక్షణ, అనియత విద్య. ఇంట్లో, పనిలో, సంతలో, తోటివారి మధ్య జీవితమంతా జరుగుతూ ఉండేది యాదృచ్ఛిక విద్య. తెలుగు పాఠ్యపుస్తకాలలో స్థిరపడిన పదాలు ఇవే కాబట్టి పరీక్షలో వీటినే వాడండి. అయితే మూడో పదంతో ఒక చిక్కు ఉంది. 'యాదృచ్ఛికం' అనగానే అనుకోకుండా జరిగేది అనిపిస్తుంది. కాపరి కొడుకు నేర్చుకునేది అనుకోకుండా నేర్చుకునేది కాదు. దానికి ఒక వరుస ఉంది, తప్పు చేస్తే శిక్ష ఉంది, పరీక్ష కూడా ఉంది. లేనిది పుస్తకం, ధ్రువపత్రం మాత్రమే.

ఉత్పాదకత అనే మాటనూ కొంచెం సరిచూసుకోవాలి. కాపరి విషయంలో దీన్ని ఒక గొర్రె బరువుతో కొలిస్తే సరిపోదు. ఏడాదిలో ఎన్ని ఈతలు, పుట్టిన పిల్లల్లో ఎన్ని బతికాయి, కరువు నెలల్లో ఎన్ని చచ్చాయి, మంద నిలిపినందుకు రైతులు ఎంత ధాన్యమో డబ్బో ఇచ్చారు, పొట్టేలు ఏ ధరకు అమ్ముడైంది అన్నవన్నీ కలిస్తేనే మంద ఉత్పాదకత. మేతభూమి అతనిది కాదన్న సంగతి మరవకూడదు. పరాయి నేల మీద మేపే హక్కును ప్రతి ఏడాదీ మాటతో, మర్యాదతో, పాత పరిచయంతో సంపాదించుకోవాలి. కాబట్టి ఏ ఊరి రైతు మాట నిలుపుకుంటాడో తెలిసి ఉండడం కూడా ఉత్పాదకతలో భాగమే.

చాలా పాత చదువు

ఈ విద్య వయసు మన ఊహకు మించినది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ 1957లో తవ్వాడు. అంతకుముందు ఈ దిబ్బలను కొందరు అగ్నిపర్వతపు బూడిద అన్నారు, కొందరు లోహం కరిగించిన చోట్లు అన్నారు. ఆల్చిన్ తవ్వకంలో బయటపడింది పశువుల దొడ్డి. చుట్టూ గుంజలు పాతిన గుంటలు, మధ్యలో పొరలుపొరలుగా పేరుకొని కాలిన పేడ, ఒక పొరపై పశువుల గిట్టల గుర్తులు. దీని కాలం క్రీస్తుపూర్వం మూడవ సహస్రాబ్ది. 1963లో ఆల్చిన్ ప్రచురించిన గ్రంథం దక్కను నవీన శిలాయుగ ప్రజలను పశుపాలకులుగా చరిత్రలో నిలిపింది.

అక్కడ కట్టింది ఆవులు, ఎద్దుల దొడ్డి కాబట్టి నేటి గొర్రెల కాపరులకూ వారికీ నేరుగా వంశం కలపడానికి ఆధారం లేదు. కానీ ఒక విషయం స్పష్టం. ఎంత దొడ్డికి ఎన్ని పశువులు పడతాయి, వాటిని ఏ కాలంలో ఎక్కడ కట్టాలి అనే జ్ఞానం లిపి లేని కాలంలోనే ఈ నేల మీద తరం నుంచి తరానికి చేరింది.

తర్వాతి కాలంలో రాసినవారు ఈ జ్ఞానాన్ని ఎంత పట్టించుకున్నారు? ఎడ్గార్ థర్స్టన్ దక్షిణ భారత కులాలు, తెగలపై 1909లో ఏడు సంపుటాలు వెలువరించాడు. నిజాం రాజ్యంలోని కులాలపై సయ్యద్ సిరాజుల్ హసన్ పుస్తకం 1920లో వచ్చింది. గొల్లల గురించి, కురుమల గురించి రెండింటిలోనూ ఉంది. పెళ్ళి తంతు, శాఖలు, ఇలవేల్పులు, చావు ఆచారాలు వివరంగా రాశారు. గొర్రెను ఎలా మేపుతారన్నది వారికి ఆచారంలా కనిపించలేదు కాబట్టి దానికి దక్కిన చోటు తక్కువ. ఆ పుస్తకాలను ఆధారంగా వాడే విద్యార్థి ఈ లోటును గుర్తుంచుకోవాలి.

మంద నేర్పేది ఏమిటి

పిల్లవాడికి మొదటి బాధ్యత ఇంటి దగ్గర వదిలిన గొర్రెపిల్లలు. తల్లులు మేతకు వెళ్ళాక పిల్లలను చూసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళు, చిన్నపిల్లలు. సాయంత్రం మంద తిరిగి వచ్చినప్పుడు ఏ పిల్ల ఏ తల్లిదో చూసి కలపాలి. తప్పు పిల్లను తల్లి తన్ని తోసేస్తుంది. పాలు అందని పిల్ల రెండు రోజుల్లో నీరసిస్తుంది. ఈ పనిలో స్త్రీల జ్ఞానం ఎంత విలువైనదో పిల్లల మరణాల లెక్క తీస్తే తెలుస్తుంది. కానీ కాపరి అనగానే మన కళ్ళముందు కర్ర పట్టుకున్న మగవాడే నిలుస్తాడు. తర్వాత బాలుడు మంద వెనక నడుస్తాడు: వెనకబడిన కుంటి జీవాన్ని, ఈనబోయే సూడి గొర్రెను కనిపెట్టడం అతని పని. మంద ముందు నడిచి దారి తీయడం పెద్దవాడి పని. వెనక నుంచి ముందుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో లైబీరియా దర్జీల దగ్గర, మెక్సికో మంత్రసానుల దగ్గర ఇదే తీరును చూపించారు. కొత్తవాడు పని అంచున చేరి, చిన్న పనులు చేస్తూ, మెల్లగా నడిమికి వస్తాడని వారి సిద్ధాంతం. పాలమూరు కాపరికి ఆ సిద్ధాంతం కొత్తగా అనిపించదు.

ఇలా నేర్చిన వాటిలో మూడింటిని కొంచెం లోతుగా చూద్దాం, ఎందుకంటే వీటి వెనక ఉన్న కారణాలను శాస్త్రం తర్వాత వివరించగలిగింది.

తొలకరి పడి నేల పచ్చబడగానే ఎండాకాలమంతా ఆకలితో ఉన్న మంద లేతగడ్డి మీద పడుతుంది. అనుభవం ఉన్న కాపరి ఆ రోజుల్లో మందను కడుపునిండా మేయనివ్వడు. ముందు ఎండుమేత, ఆకు పెట్టి, తర్వాత కొద్దిసేపు పచ్చికలోకి వదులుతాడు. చిటుక రోగం భయం. చిటిక వేసినంతలో చచ్చిపోతుంది కాబట్టి ఆ పేరు. గొర్రె పేగుల్లో మామూలుగానే ఉండే ఒక సూక్ష్మజీవి, మేత ఒక్కసారిగా మారితే విపరీతంగా పెరిగి విషాన్ని విడుదల చేస్తుంది. విచిత్రమేమంటే బాగా మేసి కండపట్టిన పిల్లే ముందు పడిపోతుంది. అంటే నష్టం మందలోని మేలైన జీవాల మీదే పడుతుంది. ఇప్పుడు వానలకు ముందే టీకా వేస్తారు. టీకా లేని రోజుల్లో ఆ నష్టాన్ని తగ్గించింది మేతను అదుపులో పెట్టే చేయి.

రెండోది పొద్దున మంచు ఆరేదాకా మందను కదపకపోవడం. బయటివారికి ఇది సోమరితనంలా కనిపిస్తుంది. తడిగా ఉన్నంతసేపు కడుపు పురుగుల పిల్లదశలు గడ్డిపరక పైకి పాకి ఉంటాయి. ఎండ తగిలితే కిందికి దిగిపోతాయి. చెరువు అంచున మేపవద్దన్న మాట కూడా ఇలాంటిదే. జలగ వ్యాధిని మోసే నత్తలు ఆ బురదలోనే బతుకుతాయి. కాపరికి నత్త సంగతి తెలియకపోవచ్చు, ఆ చెరువు అంచున మేసిన మంద కొన్ని నెలలకు దవడ కింద నీరు దిగి చిక్కిపోతుందని తెలుసు.

మూడోది జొన్న. వాన లేక వాడిన లేతజొన్నలో, కోసిన మోళ్ళకు వచ్చిన పిలకల్లో విషం ఉంటుంది. మేసిన జీవం ఊపిరాడక పడిపోతుంది. ఒకప్పుడు జొన్న ప్రధాన పంటగా ఉన్న ఈ జిల్లాలో ఏ జొన్నచేనులోకి మందను తోలవచ్చో, ఏ చేను పక్కగా వేగంగా దాటించాలో తెలియడం ఒక్క పూటలో మంద బతుకును తేల్చే విషయం.

ఇక్కడ ఒక అంశం గమనించాలి. ఈ మూడింటిలోనూ జ్ఞానం కొత్త దిగుబడిని సృష్టించలేదు, నష్టాన్ని ఆపింది. అందుకే గణాంకాల్లో ఇది కనిపించదు. చావని గొర్రెను ఎవరూ విడిగా లెక్కించరు.

సంత అనే తరగతి గది

పెబ్బేరులో శనివారం సంత. గొర్రెలు, మేకలు, ఎద్దులు కొనడానికి, అమ్మడానికి చుట్టుపక్కల మండలాల నుంచే కాక దూరప్రాంతాల నుంచి కూడా వస్తారు. చరిత్రకారుడికి సంత ధరలు తేలే చోటు మాత్రమే కాదు. ఒకరి అనుభవం ఇంకొకరికి చేరే చోటు కూడా.

బేరంలో మొదటి పని నోరు చూడడం. గొర్రెకు ముందుపళ్ళు కింది దవడకే ఉంటాయి, మొత్తం ఎనిమిది. ఏడాది దాటి ఏడాదిన్నర లోపు నడిమి పాలపళ్ళు రెండు రాలి పెద్దపళ్ళు వస్తాయి. ఆపై సుమారు ఏడాదికి రెండు చొప్పున మారుతూ నాలుగేళ్ళకు నోరు నిండుతుంది. రెండు పళ్ళ పొట్టేలు, నాలుగు పళ్ళ గొర్రె అన్నది వయసు ధ్రువపత్రం వంటిది. తర్వాత చేయి నడుము మీద పడుతుంది. వెన్నెముక పక్క ఎముకల కొనలు వేళ్ళకు పదునుగా తగిలితే జీవం చిక్కింది. కండ కప్పి గుండ్రంగా తగిలితే బాగుంది. ఆస్ట్రేలియాలో జెఫరీస్ అనే నిపుణుడు 1961లో సరిగ్గా ఈ తాకిడినే అంకెలుగా మార్చి, గొర్రె శరీరస్థితిని కొలిచే పద్ధతిగా ప్రచురించాడు. ప్రపంచమంతా పశువైద్య కళాశాలల్లో అలాంటి అంకెల పద్ధతినే నేడు నేర్పుతున్నారు. సంతలో తండ్రి పక్కన నిలబడిన పిల్లవాడు అదే పాఠాన్ని అంకెలు లేకుండా నేర్చుకున్నాడు.

సంతలో ఇంకొకటి కూడా చేతులు మారుతుంది: కబురు. ఏ వైపు వాన పడింది, కృష్ణ ఒడ్డున మేత ఉందా, నల్లమల వైపు ఏ దారిలో జబ్బు పట్టింది, ఏ ఊళ్ళో రైతు మంద నిలిపితే ధాన్యం బాగా కొలుస్తాడు. వలస పోయే కాపరికి ఈ కబురు విలువ మేతంతటిది. తప్పుదారి పడితే వారం రోజుల నడక, దాంతో పాటు బలహీనమైన జీవాలు పోతాయి. దలారి కూడా ఈ బడిలో ఉపాధ్యాయుడే, కాకపోతే జీతం ముందే కోసుకునే ఉపాధ్యాయుడు.

ఫలం ఎవరికి దక్కింది

ఉత్పాదకత పెరిగితే కాపరి బాగుపడ్డాడని అనుకోవడం చరిత్రలో తరచుగా జరిగే పొరపాటు. నిజాం పాలనలోని తెలంగాణలో మేపుకు పన్ను ఉండేది. దొరల గడీల్లో పండుగకూ పబ్బానికీ గొల్ల, కురుమలు మందలోంచి గొర్రెను ఉచితంగా ఇచ్చుకోవడం వెట్టిలో భాగం. అడిగితే ఏ గొర్రెను ఇస్తారు? మంచి గొర్రెనే తీసుకుంటారు. అంటే మేలైన పెంపకానికి అదే శిక్ష. దొర మంద కాయడానికి జీతం పెట్టిన పిల్లవాడి విషయం ఇంకా కఠినం. అతను పైన చెప్పిన విద్యనంతా నేర్చుకున్నాడు, కానీ మంద అతనిది కాదు, బాకీ మాత్రం అతని ఇంటిది. ఒకే చదువు సొంత మంద ఉన్నవాడికి పెట్టుబడి అయింది, జీతగాడికి గొలుసు అయింది. 1949లో జాగీర్ల రద్దుతో, ఆ తర్వాత సంస్థానాల కాలం ముగియడంతో ఈ భారం చట్టరీత్యా తొలగింది. బాలజీతగాళ్ళు మాత్రం ఆ తర్వాత దశాబ్దాల పాటు పల్లెల్లో కనిపించారు.

అనుభవానికి అందని జబ్బు

పరిశోధకులు లాక్‌హీడ్, జామిసన్, లావ్ 1980లో అనేక దేశాల రైతు అధ్యయనాలను క్రోడీకరించి, నాలుగేళ్ళ బడి చదువు వ్యవసాయ దిగుబడిని సగటున సుమారు 7 శాతం పెంచుతుందని తేల్చారు. ఆ సగటు కన్నా దాని లోపలి తేడా మనకు ముఖ్యం. సాంప్రదాయ పద్ధతులే నడిచే చోట ఆ పెరుగుదల 1 శాతం పైచిలుకే. కొత్త విత్తనాలు, మందులు వస్తున్న చోట 9 శాతం దాటింది. పరిసరాలు మారనంతకాలం తండ్రి నేర్పింది చాలు. మారినప్పుడు చాలదు. ఈ లెక్కలు పంటలు పండించే రైతులవి; అయినా కాపరుల చరిత్ర ఇదే సూత్రాన్ని నిరూపిస్తుంది.

పారుడు రోగం దీనికి మంచి ఉదాహరణ. ఈ వైరస్ వ్యాధిని భారతదేశంలో మొదటిసారి గుర్తించింది 1987లో, తమిళనాడులోని అరసూరులో. అంతకుముందు తరాల అనుభవంలో పేరున్న జబ్బు కాదు. జ్వరం, ముక్కు కారడం, నోటిపూత, విరేచనాలు. కొన్ని రోజుల్లో మందలో పెద్దభాగం పోవచ్చు. కాపరికి తెలిసిన ఆకులు, వాతలు, మొక్కులు దీని మీద పనిచేయవు. పైగా సంత, వలస అనే అతని రెండు గొప్ప బలాలే ఈ వైరస్‌కు దారులయ్యాయి. జబ్బు చూడగానే మందను అమ్మేసే తెలివి ఒక ఇంటిని కాపాడి పది మందలకు జబ్బు అంటించింది. ఇక్కడ అవసరమైంది ప్రయోగశాల, టీకా. ఒకసారి వేస్తే మూడేళ్ళ పాటు రక్షణ ఇచ్చే టీకా మన దేశంలోనే తయారైంది. 2030 నాటికి ఈ వ్యాధిని ప్రపంచం నుంచి తొలగించాలని అంతర్జాతీయ సంస్థలు 2015లో లక్ష్యం పెట్టుకున్నాయి.

అయినా టీకా ఒక్కటే నడవదు. ఏ మంద ఏ నెలలో ఎక్కడ ఉంటుందో కాపరికి తెలుసు, కార్యాలయానికి తెలియదు. వలసలో ఉన్న మందకు టీకా అందాలంటే ఈ రెండు జ్ఞానాలూ ఒకచోట కలవాలి.

తలలు లెక్కించిన కాలం

జూరాల కాలువలు వచ్చాక పెబ్బేరు వైపు వరి పెరిగింది. రైతుకు మేలు జరిగింది, కాదనలేం. కాపరికి బీడు తగ్గింది, రెండో పంట వల్ల మేతకు దొరికే ఖాళీ నెలలు తగ్గాయి, తడి నేల, నత్తలు పెరిగాయి. తాత నేర్పిన మేతదారి పటం మనవడి కాలానికి సగం చెల్లకుండా పోయింది. అదే కాలంలో ఉన్నికి ధర పడిపోయింది. నల్లటి ఉన్నినిచ్చే దక్కని గొర్రె ఎండకూ దూరం నడకకూ ఓర్చుకునేది; దాని ఉన్నిని కురుమ స్త్రీలు వడికితే పురుషులు గొంగడి నేసేవారు. కత్తిరించిన కూలి కూడా గిట్టని స్థితి రావడంతో మాంసం కోసం ఎత్తుగా పెరిగే నెల్లూరు రకం వైపు మందలు మళ్ళాయి. ఉన్ని కత్తిరించడం, వడకడం, నేయడం అనే మూడు విద్యలు ఆ మార్పుతోనే పలచబడ్డాయి.

2017 జూన్ 20న తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకాన్ని ప్రారంభించింది. గొర్రెల పెంపకందారుల సహకార సంఘంలో సభ్యత్వం ఉన్న గొల్ల, కురుమ కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు. అప్పట్లో యూనిట్ ధర 1,25,000 రూపాయలు; 75 శాతం ప్రభుత్వ రాయితీ, లబ్ధిదారు వాటా 31,250 రూపాయలు. 2019 పశుగణనలో తెలంగాణ గొర్రెల సంఖ్య సుమారు 1.91 కోట్లకు చేరి దేశంలో మొదటి స్థానం పొందింది. 2012లో అది 1.28 కోట్లు. సంఖ్య పెరిగిందన్నది నిజం. అయితే జీవాలను ఎక్కువగా పొరుగు రాష్ట్రాల నుంచి కొని తెచ్చారు. వేరే నేల, వేరే మేతకు అలవాటుపడిన గొర్రె కొత్త చోట నిలదొక్కుకోవడానికి సమయం పడుతుందన్నది సంతలో ఎవరినడిగినా చెబుతారు. ఇచ్చిన జీవాలు మళ్ళీ అమ్ముడై చేతులు మారాయన్న ఆరోపణలు కూడా పత్రికల్లో విస్తృతంగా వచ్చాయి. మంద ఉన్నవాడికి ఇచ్చిన 20 గొర్రెలు, మంద వదిలి పట్నం పనికి పోయినవాడి కొడుక్కి ఇచ్చిన 20 గొర్రెలు లెక్కలో సమానమే. దొడ్డిలో సమానం కావు.

ఆ కొడుకు మంద ఎందుకు వదిలాడన్నది వేరే ప్రశ్న. బడికి వెళ్ళాడు, వెళ్ళాల్సిందే. మీలో కొందరు అలాంటి ఇళ్ళ నుంచి వచ్చి ఉండవచ్చు. పిల్లవాడిని మంద వెనక నుంచి తప్పించి బెంచీ మీద కూర్చోబెట్టినప్పుడు, అతని తండ్రి తలలో ఉన్నదాన్ని ఏ పాఠ్యప్రణాళికా రాసుకోలేదు. నియత విద్య ఒక విద్యార్థిని పొందింది, మంద ఒక వారసుణ్ణి కోల్పోయింది. మధ్యలో ఉన్న జ్ఞానం ఎవరి ఖాతాలోనూ జమ కాలేదు.

క్షేత్ర అభ్యాసం

ఈ భాగానికి అప్పగించిన పని వ్యాసం కాదు, సేకరణ. పెబ్బేరుకు గానీ, మీకు దగ్గరలోని గొర్రెల సంతకు గానీ వెళ్ళి, అరవై ఏళ్ళు దాటిన ఒక కాపరితో, వీలైతే ఆ ఇంటి స్త్రీతో కూడా మాట్లాడండి. తెల్లవారుజామున వెళ్ళండి, బేరాలు జోరందుకున్నాక మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. మొదట ఎన్నో ఏట మంద వెనక నడిచారు, ఎవరు నేర్పారు, చేసిన మొదటి పెద్ద తప్పు ఏమిటి, దాని వల్ల ఎన్ని జీవాలు పోయాయి అని అడగండి. జబ్బుల పేర్లను వారు పలికినట్టే రాసుకోండి, పుస్తకం పేరుతో సరిదిద్దవద్దు. వలస దారిని ఊళ్ళ పేర్లతో వరుసగా చెప్పమని, వాటిలో ఇప్పుడు మూసుకుపోయినవి ఏవో విడిగా గుర్తించండి. చివరగా, ఇవన్నీ ఇప్పుడు ఎవరికి నేర్పుతున్నారని అడిగి, వచ్చిన జవాబును వారి మాటల్లోనే నమోదు చేయండి.